తలకిందులుగా చూసిన సముద్రం

లామినేషన్ మెషీన్‌లోంచి కాగితం బయటికి వచ్చేటప్పుడు ఒక వాసన వస్తుంది, కాలీకాలని ప్లాస్టిక్ వాసన. మొన్న అమీర్‌పేటలో, మెట్రో స్తంభాల నీడన ఉన్న జిరాక్స్ షాపులో మా అమ్మాయితో కలిసి నిలబడ్డాను. తను బడికోసం గీసిన ఆసియా పటాన్ని లామినేట్ చేయించాలి. మా ముందు బోలెడుమంది ఉన్నారు. ఎవరి సర్టిఫికెట్లో మెషీన్‌లో దూరి వస్తున్నాయి. ఆ వాసన ముక్కుకు తగలగానే, ఏమీ ఆలోచించకుండానే, చేతిలో ఉన్న పటాన్ని తలకిందులుగా తిప్పి కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాను. "మేడం, ఉల్టా పట్టుకున్నరు," అన్నాడు షాపతను మర్యాదగా. "నాకు ఇలా చూడడమే నేర్పారు బాబూ," అన్నాను. నేర్పిన మనిషి ఇప్పుడు లేదు. 

ఆవిడ పేరు శాంతకుమారి. పంజాగుట్టలో ఒక మిఠాయి దుకాణం పైన, మూడో అంతస్తులో, విదేశాల వాళ్ళకు కంప్యూటర్ మీద పటాలు గీసిపెట్టే చిన్న కంపెనీ ఉండేది. అందులో పటాల మీద పేర్లు వేసే సెక్షన్‌కు ఆవిడ పెద్ద. ఊరంతా సాఫ్ట్‌వేర్ జ్వరంతో ఊగిపోతున్న రోజులవి. బందరు నుంచి వచ్చి, మధురానగర్ హాస్టల్లో దిగి, అమీర్‌పేటలో ఏదో కోర్సు చేసి, అమెరికా కంపెనీ నన్ను ఎగరేసుకుపోతుందని ఎదురుచూస్తూ ఉండగా దొరికిన ఉద్యోగం ఇది. మొదటిరోజు ఆవిడ నన్ను కంప్యూటర్ గురించి ఒక్క ముక్క అడగలేదు. "మీది సముద్రం పక్క ఊరు గద బిడ్డా. సముద్రాన్ని ఏమంటరు మీరు?" అంది. "సముద్రం అనే అంటామండి," అన్నాను. "బంగాళాఖాతం అనరా?" "పరీక్షలో అంటామండి." ఆవిడ పకపకా నవ్వింది. "పాసైనవ్, పోయి కూసో," అంది. ఇదేం ఇంటర్వ్యూ అని రాత్రి హాస్టల్లో అందరికీ చెప్పి నవ్వించాను కూడా.

కంప్యూటర్లు రాకముందు ఆవిడ పటాల మీద పేర్లు చేత్తో, సిరాతో రాసేది. ఆ రోజుల అలవాటు ఒకటి కంప్యూటర్ వచ్చాక కూడా మానలేదు, మమ్మల్నీ మాననివ్వలేదు. అచ్చయి వచ్చిన ప్రతి పటాన్నీ తలకిందులుగా పెట్టి సరిచూడాలి. "సూటిగ పెడితే పేరు చదువుకుంట పోతవ్, అక్షరం చూడవు. ఉల్టా పెడితే చదవరాదు. అప్పుడు తోక తెగిన అక్షరం, వంకర పోయిన అక్షరం పట్టుకుంటవ్," అనేది. కొత్తలో నాకిది శిక్షలా ఉండేది. సాయంత్రానికి మెడలు పట్టేసేవి. కానీ నెల తిరిగేసరికి, నిజంగానే, విరిగిన అక్షరాలు వాటంతట అవే కంట్లో పడడం మొదలైంది. ఆదివారం చర్చిలో పాటల పుస్తకం కూడా అలాగే తిప్పి చూస్తారా మేడం అని నేను ఆటపట్టిస్తే, "నోరు తిరుగుతది నీకు, చెయ్యి తిరగాలె," అనేది.

ఆ ఏడు మాకొక పెద్ద పని వచ్చింది, బడిపిల్లల గోడ పటాలు. ఇరాన్‌కూ అరబ్బు దేశాలకూ మధ్యనున్న సముద్రపు పాయ ఉంది చూశారూ, మన వాళ్ళు బతుకుతెరువుకు వెళ్ళే ఆ గల్ఫే, దాని పేరు దగ్గర పెద్ద పేచీ ఉంది. ఇరాన్ ఒడ్డువాళ్ళు పర్షియన్ గల్ఫ్ అంటారు, అరబ్బుల ఒడ్డువాళ్ళు అరేబియన్ గల్ఫ్ అంటారు. ఒకరి పేరున్న పటాన్ని ఇంకొకరు బడి గుమ్మం కూడా తొక్కనివ్వరు. అందుకని గీత ఒకటే గీసి, పేరు మాత్రం మార్చి, మేము రెండు రకాలుగా అచ్చు వేయించేవాళ్ళం. ఆఫీసులో రెండు కట్టలు పక్కపక్కనే ఉండేవి. నాకైతే ఇదంతా నవ్వులాటగా ఉండేది. నీళ్ళకేం తెలుసు వాటి పేరేంటో!

మా ఆఫీసు ఎదురు సందులో ఇరానీ హోటల్ ఉండేది. యజమాని అబ్బాస్ భాయ్. ఆయన తల్లి పెళ్ళిచేసుకుని ఇరాన్ ఒడ్డునున్న ఊరి నుంచి హైదరాబాద్ వచ్చిందట. ఆవిడ పోయి అప్పటికి కొద్ది నెలలే అయింది. హోటల్‌కు కొత్తగా రంగులు వేయిస్తూ ఆయన మేడంను అడిగాడు, అమ్మీ పుట్టిన ఊరు కనిపించే పటం ఒకటి గోడకు కావాలని. మేడం సంబరపడిపోయి, మిగులు కాపీల్లోంచి ఒకటి తీసి, తలకిందులుగా పెట్టి అక్షరం అక్షరం పరీక్షించి, లామినేట్ చేయించి పట్టుకెళ్ళింది. ఆఫీసు ఆఫీసంతా చాయ్ తాగుతూ చుట్టూ నిలబడ్డాం. మేకు కొట్టారు. అబ్బాస్ భాయ్ వేలు పెట్టి వెతికి, తల్లి ఊరు దొరకగానే ఆ వేలిని ముద్దు పెట్టుకున్నాడు. తర్వాత ఆ వేలు మెల్లగా నీళ్ళమీదికి జరిగి ఆగిపోయింది.

"మేడం, గిదేంది? మా అమ్మీ నీళ్ళకు గీ పేరు కాదు."

ఆ పటం అరేబియన్ గల్ఫ్ కట్టలోది. మేడం కళ్ళద్దాలు తీసి, పవిటతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూసింది. "అక్షరాలన్ని చూసిన భాయ్. పేరే చదవలే," అంది. అన్నాళ్ళలో ఆవిడ గొంతు అంత చిన్నగా పలకడం నేను వినలేదు. రేపే మార్చి ఇస్తానంది. అక్కడితో అయిపోవలసిందే. కానీ చాయ్ కాచే నర్సింగ్ బాయిలర్ వెనకనుంచి బయటికి వచ్చాడు. కరీంనగర్ దిక్కు మనిషి, గల్ఫ్‌లో అరబ్బుల ఒడ్డునున్న రేవులో చాలాకాలం కూలిపని చేసి వచ్చినవాడు.

"ఎందుకు మార్చుడు అక్కా? సరిగనే ఉన్నది. నేను ఆడ పని చేసిన. అందరు గీ పేరే అంటరు."

"నా హోటల్, నా గోడ," అన్నాడు అబ్బాస్ భాయ్.

"గోడ నీదే సేట్. సముద్రం సుత నీదేనా?"

అందరం ఫక్కుమని నవ్వాం. నవ్వకుండా ఉండాల్సింది. అబ్బాస్ భాయ్ ముఖం ఎర్రబడిపోయింది. పటాన్ని మేకు మీదనుంచి తీసి గోడవైపు తిప్పిపెట్టి, "రేపటి సంది రాకు," అన్నాడు నర్సింగ్‌తో. అతను భుజం మీది తువ్వాలు తీసి బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు. పిల్లల ఫీజులు కట్టవలసిన నెల అది. మర్నాడు ఇంకెవరో కాచిన చాయ్ తాగి మేమంతా ముఖముఖాలు చూసుకున్నాం.

రెండో కట్టలోంచి ఒక పటం తీసి ఆయనకు ఇచ్చేస్తే పోతుంది కదా మేడం అన్నాను నేను. మేనేజర్ కూడా అదే అన్నాడు. "ఇస్తే గోడ ఖుష్ అయితది. నర్సింగ్ పని పోయే ఉంటది," అంది మేడం. "తప్పు నాది, కొలువు పోయింది వానిది. నువ్వు సుత రా నాతోని." మధ్యాహ్నం అన్నం తినకుండానే నన్ను వెంటబెట్టుకుని అమీర్‌పేట వెనక సందుల్లో నర్సింగ్ అద్దెకున్న గదికి వెళ్ళింది. నచ్చజెప్పడానికి వచ్చిందనుకుని అతను ముందే ముఖం ముడుచుకున్నాడు. ఆవిడ నచ్చజెప్పలేదు, ఏ పేరు సరైందో కూడా చెప్పలేదు. ఒకే ఒక్క మాట అడిగింది.

"గా పేరు నువ్వు ఎవరి దగ్గర విన్నవ్ నర్సింగ్?"

అతను చాప పరిచి మమ్మల్ని కూర్చోబెట్టాడు. తర్వాత చెప్పాడు. అతనితో ఒకే ఊరినుంచి వెళ్ళి, ఒకే గదిలో ఉన్న రాజన్న అనే స్నేహితుడు సెలవునాడు ఆ నీళ్ళలో ఈతకు దిగి తిరిగి రాలేదు. ఊరికి ఫోన్ చేసి చెప్పింది నర్సింగే. "ఏ నీళ్ళల్ల పోయిండు బిడ్డా అని రాజన్న తల్లి అడిగింది అక్కా. ఆడి జనం చెప్పిన పేరే చెప్పిన. ముసల్ది యాదికి పెట్టుకున్నది. పండుగకు కొడుకు పేరున నీళ్ళు వదిలేటప్పుడు గా పేరు తీస్తది. ఇప్పుడు గది తప్పంటే, నేను ఆమెకు అబద్ధం చెప్పినట్టే గద."

అక్కణ్ణుంచి మేడం ఆఫీసుకు రాలేదు. తిన్నగా హోటల్‌కు వెళ్ళి అబ్బాస్ భాయ్‌ని కూడా అదే ప్రశ్న అడిగింది. "అమ్మీ దగ్గర," అన్నాడు ఆయన. "నిద్రపుచ్చుకుంట చెప్పేది. నేనైతే ఆ నీళ్ళు ఒక్కపారి సుత చూడలే మేడం." గల్లా దగ్గర కూర్చుని, గిరాకీలంతా చూస్తుండగానే కళ్ళు తుడుచుకున్నాడు. నీళ్ళకేం తెలుసు అని ఇన్నాళ్ళూ నవ్విన నాకు ఆ రోజు నవ్వు రాలేదు. వాళ్ళిద్దరూ కొట్లాడుకున్నది దేశాల కోసం కాదు. ఒక్కొక్కరు తమ వాళ్ళు పోయిన చోటునో పుట్టిన చోటునో ఎవరూ చెరిపేయకుండా కాపలా కాస్తున్నారు.

ఆ సాయంత్రం మేడం, పేర్లు వేయకముందు తీసిన ఉత్త పటం ఒకటి బల్లమీద పరిచింది. డ్రాయరు అడుగునుంచి పాత సిరా కలం తీసింది. నేను ఆవిడ చేత్తో రాయడం చూడడం అదే మొదటిసారి. నీళ్ళ నడుమ ఏమీ రాయలేదు. అబ్బాస్ భాయ్ తల్లి ఊరి పక్కన, ఒడ్డు వంపు వెంబడే, ఆయన తల్లి చెప్పిన పేరు చిన్న అక్షరాలతో రాసింది. అవతల నర్సింగ్ పనిచేసిన రేవు పక్కన అతను చెప్పిన పేరు, అంతే చిన్నగా రాసింది.  రాయడం అయ్యాక అలవాటుగా తలకిందులు చేసి చూసింది. తర్వాత తిన్నగా తిప్పి, నన్ను పక్కన నిలబెట్టుకుని, రెండు పేర్లూ పైకి చదివింది.

మర్నాడు పొద్దున్నే నర్సింగ్‌ను హోటల్‌కు పిలిపించి, ఇద్దరి ముందూ పటం పెట్టింది.  అబ్బాస్ భాయ్ చూసి చూసి, "గింత చిన్నగ రాస్తే ఎవనికి కనవడ్తది మేడం?" అన్నాడు. "సేట్ అన్నది నిజమే అక్కా. మరీ చీమల తీరుగున్నయ్," అన్నాడు నర్సింగ్. ఎంత అన్యాయమో చూడండి, అంత చేసిన మనిషి మీద ఇద్దరూ ఏకమయ్యారు!

"కనవడాలంటే దగ్గరికొచ్చి చూడుండ్రి," అంది మేడం.

ఇద్దరూ వంగారు. ఎదురెదురుగా రెండు తలలు ఆనుకునేంత దగ్గరగా వచ్చాయి. "గిదేనా రాజన్న పోయిన జాగ?" అని మెల్లగా అడిగాడు అబ్బాస్ భాయ్. మేడం ఎప్పుడు చెప్పిందో మరి. నర్సింగ్ తల ఊపాడు. కాసేపటికి అబ్బాస్ భాయ్ నడుము నిటారు చేసి, "పాలు పొంగుతున్నయ్, పో చూడు," అన్నాడు. బాయిలర్ కింద ఇంకా మంటే పెట్టలేదు. నర్సింగ్ తువ్వాలు తీసి భుజాన వేసుకుని లోపలికి వెళ్ళాడు.

ఆ హోటల్ ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం. పటం ఎవరింటికి పోయిందో తెలియదు. మేడం కూడా పోయింది. ఆవిడ దగ్గర పని నేర్చుకుని నేను తర్వాత ఎన్నో ఆఫీసులు తిరిగాను. ఎవరైనా తమ మాటమీద మొండిగా నిలబడితే, తప్పో ఒప్పో తేల్చే ముందు, ఆ మాట వీళ్ళు ఎవరి దగ్గర విని ఉంటారో అనుకుంటాను. ప్రతిసారీ అడిగే ఓపిక నాకు లేదు. అడిగినప్పుడు మాత్రం ఎవరో ఒక మనిషి ముఖం బయటికి వచ్చింది.

"అమ్మా, వింటున్నావా?" అంది మా అమ్మాయి జిరాక్స్ షాపులో. తిరగేసి పట్టుకున్న పటంలో అప్పుడు చూశాను, అన్ని సముద్రాలకూ పేర్లు పెట్టి ఆ ఒక్క పాయను ఖాళీగా వదిలేసింది. "పుస్తకంలో ఒక పేరుంది, నెట్‌లో ఇంకోటి కూడా ఉంది. ఏది రాయను?" పటాన్ని తిన్నగా తిప్పి, ఒడ్డు వెంబడి రెండు పేర్లూ ఎక్కడెక్కడ రాయాలో వేలితో చూపించాను. చిన్నగా రాయమన్నాను. తను నాలుక బయటపెట్టి, కౌంటర్ మీదే శ్రద్ధగా రాసింది. మా వంతు వచ్చింది. మెషీన్‌లోంచి పటం వేడివేడిగా బయటికి వచ్చింది.

"ఇలా ఎవరు చెప్పారని మా మిస్ అడిగితే?" అంది.

"శాంతకుమారి మేడం దగ్గర విన్నానని చెప్పు."

పటాన్ని గుండెకు ఆనించుకుని మెట్లు దిగుతూ అడిగింది, "ఆవిడెవరమ్మా?"