పాళెగాళ్ళ పక్షాన వసంతక్క

తిరుత్తణి బజారులో రంగుల అంగడి నడిపిన వసంతక్క కన్నుమూశారన్న వార్త ఆవడి స్టేషనులో ఫోనుద్వారా విని నిశ్చేష్టుణ్ణయ్యాను. ముందరి ఆదివారమే ఆమెతో తలపడ్డాను. అంతటి ప్రాణశక్తి ఆరిపోయిందంటే ఎలా నమ్మేది?

మాది యుద్ధక్రీడ. బల్లమీద ఇసుకతో గుట్టలు, చెరువుకట్టలు పోసి, బొటనవేలంత సీసపు సిపాయిలను నిలిపి, పాచికలు వేస్తూ ఈస్టిండియా కుంఫిణీకీ పాళెగాళ్ళకూ జరిగిన పోరాటాలను మళ్ళీ ఆడతాం. నేను కుంఫిణీ పక్షం. ఆమె ఏనాడూ పాళెగాళ్ళను విడవలేదు.

భర్త గతించాక ఒంటిచేత్తో అంగడిని నిలబెట్టిన ఆమెను, “ఈ వయసులో బొమ్మలాటేంది వసంతా?” అని ఆమె భర్తకు అన్న అయిన బావగారు అందరి ముందూ నిలదీశారు.

“బొమ్మలాటే బావా. ఆదివారం రా, నీకూ ఒక దండు ఇస్తా,” అన్నారామె, రంగు డబ్బా మూత బిగిస్తూ.

ఒకసారి చెన్నైలో పోటీకి వెళ్ళాం. అక్కడి నియమం ప్రకారం ఫిరంగి పేలితే పాళెగాని మనుషులు పాచిక వేయాలి. తక్కువ పడితే పారిపోవాలి. కుంఫిణీ సిపాయిలకు ఆ పరీక్షే లేదు.

“ఈ రూలు రాసినోడు యాడోడు?” అన్నారామె.

“చరిత్ర అట్లాంటిది మేడమ్,” అన్నాడు నిర్వాహకుడు.

“ప్రాణం అందరికీ తీపే కదప్పా. వేస్తే ఇద్దరమూ వెయ్యాల.”

అతడు ససేమిరా అన్నాడు. ఆమె బొమ్మలను గుడ్డల్లో చుట్టుకొని లేచారు. గెలవబోయే ఆట వదిలి నేనూ వెంట నడిచాను. అప్పటినుంచి అంగడి మేడమీద ఆదివారాలు మావే. ఇరుపక్షాలకూ ఒకే నియమం. తిరువళ్ళూరు నుంచీ, ఆర్.కె.పేట నుంచీ ఆటగాళ్ళు రాసాగారు.

తర్వాత ఆమెకు జబ్బు చేసింది. అది ముదిరినా ఆమె ఆట మానలేదు. చివరి ఆదివారం దిండ్లకు ఆనుకొని ఆడారు. గుట్టమీది ఆమె మనుషులను నలుదిక్కులా చుట్టుముట్టాను. ఆ అలసట చూడలేక, “అక్కా, చాలు. ఒప్పుకో,” అన్నాను.

ఆ కళ్ళు నిప్పులయ్యాయి. “జాలిపడి ఆడేదానికైతే రావద్దు. ఓడేది వేరే, లొంగేది వేరే. ఊ, నీ పాచిక వెయ్యి!”

చివరి బొమ్మ పడేదాకా పోరాడి ఓడారు. ఓడి, హాయిగా నవ్వారు.

కర్మకాండ ముగియగానే బావగారు ఆ బొమ్మల పెట్టెలను అటకెక్కించమన్నారు. వసంతక్క కూతురు కల్యాణి అడ్డంగా నిలబడి, “అవి యాడికీ పోవు పెదనాయనా. రేపు ఆదివారం, ఆట ఉండాది,” అంది.

ఆడాం. కల్యాణి బాగానే ఆడింది. కాని నా ఎత్తును నేను వేయకమునుపే పసిగట్టి, కళ్ళజోడు మీదుగా నన్ను చూసే ఆ చూపు లేదు. నాకు మిత్రులు ఇంకా ఉన్నారు. అంతటి ప్రత్యర్థి ఈ జన్మలో మళ్ళీ దొరకదు. ఆ ధీరురాలికి లేచి నిలబడి నమస్కరిస్తున్నాను.