పొట్లం లోపలి బొమ్మ

రాజోలు వీధిలో కృపమ్మ వస్తోందంటే కొట్లవాళ్లు మొహాలు తిప్పుకునేవారు. వరిపొలాలకు పొడిమందులు విరివిగా చల్లుతున్న రోజులవి. ఆసుపత్రిలో ఆయాగా ఉన్నప్పుడు, ఆ మందు ఒంట్లోకి పోయి వచ్చినవాళ్ల నోటి నురగ ఎన్నోసార్లు తుడిచిన మనిషి ఆవిడ. అందుకే ఏ పొట్లం ఇచ్చినా ముందు ముక్కు దగ్గర పెట్టుకునేది. బజ్జీలు అచ్చుకాగితంలో చుడితే వెనక్కి ఇచ్చేసి అరిటాకు అడిగేది.

ఆ రోజు గంగాధరరావు కొట్లో బెల్లం పొట్లం వాసన చూసి నుదురు చిట్లించింది. “ఈ కాగితం ఎక్కడిదండీ?” “పాత సంచులదండి. మీకన్నీ అనుమానాలేనండీ కృపమ్మగారూ!” అని నవ్వేడాయన. ఆవిడ బెల్లం బల్లమీద పెట్టి, పొట్లం అతుకు విప్పింది. లోపలివైపు ఎర్రటి పుర్రె బొమ్మ, దానికింద పురుగుమందు పేరు. గంగాధరరావు తక్కెడ వదిలేసి లేచాడు. “ఇందాకే మా మనవరాలికి ఇలాంటి పొట్లమే పంపేనండీ!” ఇద్దరూ వెనకింట్లోకి పరుగెత్తారు. పిల్ల ఇంకా పొట్లం విప్పలేదు. కృపమ్మ దాన్ని లాక్కుంది. “ఇక ఆ కాగితం ముట్టనండి, ఒట్టండి,” అన్నాడాయన ఏడుపు గొంతుతో.

“ఆయ్,” అంటూ ఆవిడ కొట్టు మెట్టుమీద చతికిలబడింది. “ఆ సంచికాగితాల కట్టలన్నీ గోతిలో పాతేదాకా నేనిక్కడే కూర్చుంటానండి.”