రెండు పూటలు పిండి చూసిన కెమెరా

మా నాయన ఏనాడూ బర్రెను చూపులతో కొన్న పాపాన పోలేదు. అమ్మేవాళ్ల కొట్టంలోనే సాయంత్రం ఒక పూట, మర్నాడు పొద్దున ఒక పూట దగ్గరుండి పాలు పిండించేవాడు. పళ్లు చూసేవాడు, సుడులు చూసేవాడు, నాలుగడుగులు నడిపించి చూసేవాడు. ఒక్కదాన్నే చూసి ఒప్పుకోవడం ఆయన దగ్గర లేదు. రెండిటిని పక్కపక్కన కట్టేస్తేనే దేని లోపం ఏమిటో బయటపడుతుందని ఆయన నమ్మకం. బేస్తవారిపేట చుట్టుపక్కల పాడి కొనాలనుకున్నవాళ్లు ఆయన్ను వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లు. నేను ఆయన కూతుర్ని. చీరైనా, కుట్టు మిషనైనా, రెండు పక్కపక్కన పెట్టించందే దుకాణం గడప దిగను. మార్కాపురంలో నన్ను దూరం నుంచి చూసి నిట్టూర్చే దుకాణదారులు ఉన్నారు. నిట్టూర్చనీ, నాకేం సిగ్గులేదు.

అలాంటి నేను కిందటేడు ఒక కెమెరా కొనాల్సి వచ్చింది. మామూలు కెమెరా కాదు. అరచేతిలో పట్టేంత ఉంటుంది. ముందు ఒక కన్ను, వెనక ఒక కన్ను. కర్రకు బిగించి నిలబెడితే చుట్టూ ఉన్నదంతా ఒకేసారి తీస్తుంది. తర్వాత ఫోనులో వేలితో తిప్పుకుంటూ ఏ పక్క కావాలంటే ఆ పక్క చూసుకోవచ్చు. బైకుల మీద కొండలెక్కే కుర్రాళ్లు వాడేది అది. బ్లౌజులు కుట్టుకునే నాకెందుకంటే, మా అమ్మ కోసం.

మా అమ్మ కోలాటం నేర్పుతుంది. పెళ్లై మా ఊరొచ్చిన కొత్తలోనే మొదలుపెట్టిందట. మా ఊరి ఆడవాళ్లలో కోల పట్టిన ప్రతి చేయీ ఆమె దిద్దినదే, నా చేయి కూడా. పదహారు మంది గుండ్రంగా తిరుగుతుంటే తను నడుమ నిలబడి, తాళాలు వాయిస్తూ పాడుతుంది. అడుగు మార్చాలన్నా, జంట మార్చాలన్నా ఆమె తాళమే గుర్తు. నేను మార్కాపురంలో కాపురముంటున్నా, శనివారం వచ్చిందంటే బస్సెక్కి వచ్చి ఆ గుండ్రంలో నా చోటులో నిలబడతాను.

ఇన్నేళ్లలో మమ్మల్ని ఫోనుల్లో తీసినవాళ్లు ఎందరో. అందరూ బయట నిలబడి తీసినవాళ్లే. వాటిలో సగం మందిమి వీపులు చూపిస్తుంటాం. మా మధ్యలో ఒక చీరకొంగో, ఒక మోచేయో మెరిసి మాయమవుతుంది. అది మా అమ్మ అని మాకు తెలుసు గనక ఎవరం పట్టించుకోలేదు.

ఒకసారి ఒక తిరునాళ్లలో ఆడిన వీడియో ఫోనుల్లో బాగా తిరిగింది. దాని కింద ఎవరో, ఈ ఆడవాళ్లకు నేర్పింది ఎవరని అడిగారు. మా వీధి చివరింటికి కొత్తగా వచ్చిన కోడలు బృందంలో అందరికంటే చిన్నది. వేళాకోళంగా, "ఎవరూ నేర్పలే, యూట్యూబ్ చూసి నేర్చుకున్యాం" అని రాసింది. నవ్వే బొమ్మలు కూడా పెట్టింది. దాన్ని ఇంకెవరో మా అమ్మకు చదివి వినిపించారు.

అమ్మ లేచి తాళాలు చింతపండుతో తోమింది, ఆరబెట్టింది, గోడ కొక్కేనికి తగిలించింది. "కనపడని మనిషి నడుమ నిలబడేదెందుకు? పాట పెట్టుకునేదానికి ఫోనుంది గదా" అంది. ఆ పిల్ల ఏడుస్తూ వచ్చి, "అత్తా, నేను నగులాటకి రాసినా" అంటే, అమ్మ కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది, వానలు లేవంది, మీ అమ్మావాళ్లు బాగున్నారా అంది. మా అమ్మ కోపం ఎరిగినవాళ్లకు ఆ కాఫీ అర్థమవుతుంది. తిడితే రెండో రోజుకు చల్లారేది. మర్యాద మొదలుపెట్టిందంటే ఇక ఆ మనిషి పరాయిదైనట్టే.

అప్పటినుంచి ఫోను పాటకు ఆడుతున్నాం. ఆడుతున్నామంటే తిరుగుతున్నాం, అంతే. గుండ్రం నడుమ ఖాళీ చూస్తే నాకు అడుగు తప్పేది. ఆ పిల్ల మీద కోపం, అమ్మ పంతం మీద అంతకంటే కోపం. నడుమ ఉన్న మనిషి కనపడే వీడియో ఒకటి తీసి అమ్మ ముందు పెట్టకపోతే ఆ తాళాలు ఇక కొక్కెం దిగవని నాకు రూఢి అయింది.

కెమెరాల్లో రెండు నాకు నచ్చాయి. వాటి గురించి చెప్పే వీడియోలన్నీ చూశాను. మంచులో జారేవాళ్లు, సముద్రంలోకి దూకేవాళ్లు. రామాలయం ముందు ట్యూబ్‌లైటు కింద గిర్రున తిరిగే ఆడవాళ్లను తీసి చూపించినవాళ్లు ఒక్కరూ లేరు. నాయన నా పక్కనే కూర్చుని కాసేపు చూసి, "నీళ్లలో ఉన్న బర్రెకు గట్టు మీద బేరమాడతా ఉండావు పాపా" అన్నాడు. ఆ మాట నా రోషానికి తగిలింది. నిజమైన మాటలే తగులుతాయి.

అందుకని రెండూ తెప్పించాను. ఒకటి మా మరిదిది. దోర్నాల ఘాటులో బైకు మీద తిరుగుతూ తీస్తుంటాడు. "వదినా, దాన్ని కిందపడేస్తే మా అన్నతో చెప్తా" అని బెదిరించి మరీ ఇచ్చాడు. ఇంకోటి మార్కాపురంలో ఒక స్టూడియో ఆయన దగ్గర శనివారం సాయంత్రం నుంచి ఆదివారం మధ్యాహ్నం దాకా అద్దెకు తెచ్చాను. రెండు పూటలు.

అరుగు మీద పాత చెక్క పలక ఒకటి వేసి రెండిటినీ పక్కపక్కన నిలబెట్టాను. నాయన కండువా సర్దుకుని గొంతుకూర్చున్నాడు.

"వీటికి ముందేది, ఎనకేది?"

"రెండు పక్కలా ముందే నాయనా."

"అట్లయితే ఎనక్కాలుతో తన్నదు. మంచిదే."

మరిది కెమెరా నుదుటి మీద తెల్ల స్టిక్కరు ఉంది. నాయన దానికి బొల్లి అని పేరు పెట్టేశాడు. రెండోది నల్లది అయింది. ఇక మా ఇంట్లో కంపెనీ పేర్లు ఎవరికీ పట్టలేదు. బొల్లి తేలిక, కర్ర చివర ఊగదు. కానీ కాసేపు తీస్తే ఒళ్లు కాలిపోతుంది, మా ఎండల్లో ఎంతసేపు నిలబడుతుందో అనుమానం. నల్లది కొంచెం బరువు, నా పాత ఫోనుతో కలవడానికి మొరాయిస్తుంది. దాని కళ్ల మీది గాజులు మాత్రం చేత్తో తిప్పితే ఊడివస్తాయి, గీతలు పడితే కొత్తవి బిగించుకోవచ్చు. బొల్లికి ఆ వీలు లేదు. అది అప్పటికి నాకు పెద్ద సంగతిగా తోచలేదు.

అసలు పరీక్ష నడుమ మనిషిని నిలబెట్టి చేయాలి. ఈ కెమెరాల్లో రెండు కళ్ల చూపులు కలిసేచోట ఒక అతుకు ఉంటుంది. దగ్గర్లో ఉన్న మనిషి ఆ అతుకు మీద పడితే చెయ్యో భుజమో తెగిపోయినట్టు వస్తుంది. నేను అమ్మ దగ్గరికి వెళ్లి ఆ మాటే చెప్పాను. ఇంకెవర్నైనా నిలబెట్టుకోమంది. నాయన బయటినుంచే అందుకున్నాడు.

"రెండు పూటలు పిండి చూడకుండా మనింట్లోకి ఏదన్నా వచ్చినాదా? వస్తువు కొనేటప్పుడు నీ అలకేంది?"

అమ్మ కొంతసేపు బియ్యంలో రాళ్లు ఏరింది. "నిలబడతా. తాళం పట్టను, నోరు తెరవను" అంది.

నాకు అంతకంటే అక్కర్లేదు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు అందరం రామాలయం ముందు చేరాం. రెండు కెమెరాలనూ ఒకే కర్రకు ఒకదాని కింద ఒకటి బిగించి అమ్మకు చేతి దూరంలో నిలబెట్టాను. ఫోనులో పాట పెట్టాను, ఆడాం. అమ్మ చేతులు కట్టుకుని గరుడ కంబంలా నిలబడింది. నడుమ ఆమె ఉందన్న ధైర్యానికే కాబోలు, ఆ రోజు కోలలు ఎక్కడా తగలరాని చోట తగల్లేదు.

ఇంటికొచ్చి ఫోను తెరిచాను. ఎటు తిప్పినా ఎర్రటి మేఘం. గుడి ఎరుపు, మనుషులు ఎరుపు, అమ్మ మొహం ఉండాల్సినచోట పసుపు ముద్ద. మరిది కెమెరా పాడైందనుకున్నాను. తీసి చూస్తే, నాలుగు కళ్ల మీదా నిండుగా బొట్లు.

"అమ్మా, ఏంది ఇది?"

"ఏంది అంటావేంది. కొత్త వస్తువు బొట్టు లేకుండా నడుమకు వస్తదా? కోలలకు పెడతాం, తాళాలకు పెడతాం. నువ్వు ఫోను చూసుకుంటా ఉంటే నేనే పెట్టినా."

"బొట్టు కంట్లో పెడతారా ఎవరన్నా?"

"ఒళ్లంతా కళ్లే దానికి. ఇంక ఏడ పెట్టాల?"

నాయన కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నల్లదాని గాజులు తిప్పి ఊడదీసి, కడిగి, ఆరబెట్టి, అన్నం తినేలోపల బిగించేశాను. బొల్లి దగ్గర నా పని అయిపోయింది. తడి పసుపు అంచు సందుల్లోకి దిగింది. గట్టిగా తుడిస్తే గీత పడుతుంది, తుడవకపోతే మరిది. బ్లౌజుల లైనింగు మెత్తటి గుడ్డ తీసుకుని, పసిపిల్ల చెవి తుడిచినట్టు తుడిచాను. మరక వదిలేసరికి నా నడుము పట్టేసింది.

అయితే ఆ పాడైన వీడియో కూడా నాకొక సంగతి చెప్పింది. బొట్టు పక్కన మిగిలిన కాస్త జాగాలో చూస్తే, ఆ మసక వెలుతురులో బొల్లి తీసిన మొహాలు తేటగా ఉన్నాయి. నల్లది తీసినవి రవ్వ చల్లినట్టున్నాయి. ఇదే ఒక్క పూట చూసి కొనేవాళ్లయితే బొల్లినే కట్టుకుపోయేవాళ్లు.

రెండో పూట పొద్దున్నే. ఈసారి కర్ర దగ్గర నేనే కాపలా ఉన్నాను. అమ్మ కుంకుమ భరిణె పట్టుకొస్తే కర్రకు పెట్టమన్నాను, పెట్టింది. మొదట అతుకు అమ్మ మీద పడేట్టు నిలబెట్టి చూశాను. రెండిటిలోనూ భుజం తెగింది. కన్ను అమ్మ వైపు తిప్పాను, రెండిటిలోనూ నిండు మనిషి వచ్చింది. అందరం కోలలు పట్టుకున్నాం. అమ్మ నిన్నటిలాగే చేతులు కట్టుకుని, పెదవి కదపకుండా నిలబడింది.

అరుగు మీద కూర్చుని నల్లది తీసింది తెరిచాను. ఒక పక్క అమ్మ, ఇంకో పక్క నాయన. నడుమ అమ్మ, చుట్టూ మేము, ఒక్కరి మొహమూ తప్పిపోకుండా. బయట నిలబడి తీసినవాళ్లెవరికీ దొరకని బొమ్మ అది. మా అమ్మను ఆమె చోటులో చూడటం నాకు అదే మొదటిసారి. గుండ్రంలో తిరుగుతూ నేను చూసింది ముక్కలు ముక్కలుగానే కదా.

అమ్మ మొహంలో ఏమీ లేదు. "బాగానే ఉంది. ఊరికే నిలబడిన మనిషి. కంబం ఉన్నా ఒకటే" అంది.

అప్పుడు కనపడింది నాకు. చీర కుచ్చిళ్ల కింద, అమ్మ కుడి మడమ. లేస్తోంది, పడుతోంది. తాళం పట్టనని ఒట్టు పెట్టుకున్న మనిషి మడమ తాళం వేస్తోంది. ఫోను పాటకు కూడా కాదు, పాటకంటే రవ్వంత ముందు, అడుగు మారబోయే ముందు ఒక్కసారి గట్టిగా. నేను వేలితో బొమ్మను మెల్లగా తిప్పాను. అడుగు మారే ప్రతిచోటా అందరి కళ్లూ కిందికి దిగుతున్నాయి. నావి కూడా. పాట వింటున్నామనుకున్నాం గానీ మేమంతా ఆ మడమను చూసి ఆడుతున్నాం. వీధి చివరి కోడలైతే కళ్లు అక్కడినుంచి తీయనే లేదు, రెప్ప వేస్తే అడుగు పోతుందన్నట్టు.

"చూడమ్మా, యూట్యూబ్ ఎవరో" అన్నాను.

అమ్మ ఫోను నా చేతిలోంచి తీసుకుంది. వేలితో తిప్పడం వెంటనే పట్టుబడింది. తన బొమ్మ దగ్గర ఆగుతుందనుకున్నాను, ఆగలేదు. దాటించి ఒక్కొక్కరినీ చూసుకుంటూ పోయింది. నా దగ్గర ఒక్క క్షణం ఆగి, "మోచేయి" అని సాగింది. నాకు పొంగిపోయినంత పనైంది. ఎన్నో వారాల తర్వాత మా అమ్మ నన్ను తప్పు పట్టింది.

కొనాల్సింది నల్లదేనని నా మనసులో తేలిపోయింది. నాయన బొల్లి చూపు మంచిదన్నాడు. నిజమే, మంచిదే. కానీ వెలుతురు చాలకపోతే రామాలయం ముందు ఇంకో రెండు ట్యూబ్‌లైట్లు కట్టించుకోగలం. అమ్మ బొట్టును ఆపగలిగేవాళ్లు మా ఊళ్లో పుట్టలేదు. ఇంటికి తగ్గ బర్రెను కొనుక్కోవాలని నేర్పింది ఆయనే. ఆ మాటే అంటే నాయన కాదనలేదు.

ఈలోపు అమ్మ వేలు వీధి చివరి కోడలి దగ్గర ఆగింది. వెనక్కి జరిపి మళ్లీ చూసింది, మళ్లీ జరిపింది.

"దీని ఎడమ కాలు ఆలస్యంగా పడతా ఉంది. ఇది యూట్యూబ్‌లో చెప్పలేదంటనా?" అంది. ఫోను నా ఒళ్లో పెట్టి లేచింది. లోపల కొక్కెం దగ్గర తాళాలు ఒకదానికొకటి తగిలిన చప్పుడు వినపడింది.

"పాపా, ఆ పిల్లను రమ్మను. కాఫీ తాగేసి రమ్మను. ఈడ కాఫీ ఇయ్యను."