కల్యాపమ్మ జాడ

బెల్లంపల్లి బొగ్గుబాయి క్వార్టర్లలో కొమురెల్లిని అందరూ ‘జర్మనోడు’ అని పిలిచేవాళ్లు. పిలిచి నవ్వేవాళ్లు. వయసులో ఉండగా ఇంట్లో చెప్పకుండా పోయి అతను మిలటరీలో లారీ డ్రైవరుగా చేరాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆఫ్రికా ఎడారిలో జర్మన్లకు చిక్కాడు. ఖైదీల ఓడ గ్రీకు దీవి క్రీటులో ఆగినప్పుడు, అక్కడ రాళ్లు మోసే పనికి అతన్ని దింపారు. ఒక ముసురు రోజున కాపలావాళ్ల కన్నుగప్పి కొండల్లోకి పారిపోయాడు. ఒక ఊరి చివర విధవరాలొకామె అతన్ని మేకల కొట్టంలో గడ్డి వెనక దాచి చలికాలమంతా కన్నతల్లి అన్నం పెట్టినట్టే రొట్టె పెట్టింది, ఆ తర్వాత పైకొండకు సాగనంపింది. అక్కడినుంచి ఇంగ్లీషువాళ్ల పడవ దొరికి అతను ఇల్లు చేరాడు. ఆమె పేరు కల్యోపి. కొమురెల్లి నోట్లో పడి కల్యాపమ్మ అయింది.

"జర్మనోని చేతులకెల్లి తప్పించుకున్నోనివి గీ బాయిల తట్ట మోస్తున్నవేందే?" అని పక్కింటి రాజం ఎగతాళి చేసేవాడు. కొమురెల్లి తువ్వాల దులుపుకుని పనికి పోయేవాడు. కూతురు తారాబాయి ఒక్కతే ఆ కథను నమ్మింది.

తారాబాయి పట్టిన పట్టు విడిచే మనిషి కాదు. ఆ క్వార్టర్లలో ఆడపిల్లలు పదో తరగతి దాటడమే గొప్ప అనుకునే రోజుల్లో వరంగల్ పోయి నర్సు చదువు చదివింది. కరీంనగర్ ఆసుపత్రిలో చేస్తూ, లిబియాలో నర్సులు కావాలని విని ఇంటర్వ్యూకి పోయి ఎంపికైంది. తల్లి సారక్క నెత్తి కొట్టుకుంది. కొమురెల్లి మాత్రం "పోనియ్యి. నేను పోయి రాలేదా?" అన్నాడు.

లిబియాలో కాలిన గాయాల వార్డులో చేరాక, గోడమీది పటంలో చూస్తే క్రీటు సముద్రానికి అవతలి ఒడ్డునే ఉంది. ఎనభై నాలుగు వేసవిలో తోటి మలయాళీ నర్సులు సెలవులకు ఆ దీవికి పోదామంటే తారాబాయి అందరికంటే ముందు సంచి సర్దుకుంది.

వాళ్లు సముద్ర స్నానాలకు పోతుంటే ఆమె కొండ ఊళ్ల బస్సెక్కేది. హోటల్ నడిపే ఎలేనీకి ఇంగ్లీషు కొద్దిగా వచ్చు. ఈమె తిరుగుడు చూసి జాలిపడి తోడొచ్చింది. ఊరి పేరు తండ్రికి తెలియదు. కల్యాపమ్మ అంటే అక్కడ ఎవరికీ అర్థం కాలేదు. ఎర్రటి కొండచరియ కింద ఊరు, ఊరి మొదట్లో రాతిలోంచి కారే నీళ్లు, అంతే గుర్తు. అలాంటి ఊళ్లు అక్కడ చాలానే ఉన్నాయి. ప్రతి ఊరిలోనూ ఎవరో ఒకరు ఎవరినో దాచినవాళ్లే. కానీ హిందుస్తానీ సిపాయిని ఎరిగినవాళ్లు లేరు.

తిరుగు ప్రయాణం దగ్గరపడింది. ఒక ఊరి కాఫీ కొట్టులో ముసలివాళ్లు తలలు అడ్డంగా ఊపారు. తారాబాయి లేవబోయి ఆగింది. చిన్నప్పుడు తను ఏడిస్తే తండ్రి బుజ్జగించిన మాటలు గుర్తొచ్చాయి. సిగ్గుపడుతూనే పైకి అంది: "సోపా, పెదీమూ."

ఊరుకో, బిడ్డా అని దానర్థం. ఒక ముసలాయన చేతిలో కప్పు కింద పెట్టాడు. జర్మన్లు వెతుకుతున్నప్పుడు కల్యోపి తన కొట్టంలో దాగిన, ఏ దేశంవాడో తెలియని నల్లటి కుర్రాడితో ఆ మాటే అనేదట. పక్కింటివాడు గనుక ఆయన విన్నాడు.

కల్యోపి పోయి చాలా ఏళ్లయింది. ఆమె కూతురు ఇరీనీ ఊళ్లోనే ఉంది. ఎలేనీ అంతా వివరించగానే ఇరీనీ గుమ్మం పట్టుకుని ఒకటే అడిగింది: "బతికి ఇల్లు చేరాడా?"

తారాబాయి అవునని తలూపింది. వంగి ఆమె కాళ్లు మొక్కింది. ఇరీనీ బెదిరి వెనక్కి జరిగింది. మరుక్షణం లేవనెత్తి గట్టిగా కావలించుకుంది.

కొమురెల్లికి తెలియని సంగతి అక్కడ తెలిసింది. అతన్ని పైకొండకు పంపిన తర్వాత జర్మన్లు వచ్చారు. ఎటు పోయాడో చెప్పమని కల్యోపిని కొట్టారు. చెప్పలేదు. ఇల్లు తగలబెట్టారు. పసిబిడ్డ ఇరీనీని సంకనెత్తుకుని మంటల్ని చూస్తూ నిలబడింది గానీ నోరు విప్పలేదు.

ఆ భాద్రపదంలో తారాబాయి సెలవు మీద బెల్లంపల్లి వచ్చింది. తండ్రిని అరుగు మీద కూర్చోబెట్టి అంతా చెప్పింది. రాజం కూడా అక్కడే ఉన్నాడు, నవ్వలేదు.

"నా పానం కోసం ఇల్లు కాలవెట్టుకున్నదా!" అన్నాడు కొమురెల్లి. తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చాడు. "గంత దూరం తిరిగి అడిగొచ్చినవా బిడ్డా. నేనన్న ఓ మాట రాపియ్యకపోతి గామెకు."

"ఆమె బిడ్డకు చెప్పొచ్చిన బాపూ. నువ్వు మంచిగున్నవని చెప్పిన."

భాద్రపద అమావాస్య, పెత్రమాస నాడు చనిపోయిన పెద్దల పేరిట అయ్యగారికి బియ్యమిస్తూ కొమురెల్లి తల్లి పేరు చెప్పాడు. ఆ వెంటనే కల్యాపమ్మ పేరు చెప్పాడు.

"గీమె ఎవ్వరు? మీ ఇంటిపేరేనా?" అయ్యగారు అడిగారు.

"మా అవ్వనే అయ్యా," అన్నాడు కొమురెల్లి. తారాబాయి మరో దోసెడు బియ్యం తెచ్చి చేటలో పోసింది.