కాశీరావు గారి రూటు

రన్ క్లబ్బులో చేరిన మొదటి రోజు కాశీరావు గారు పొరపాటున కానిస్టేబుల్ కోచింగు కుర్రాళ్ల వెంట పరిగెత్తారు. ఆఖర్న వచ్చినందుకు అక్కడి మాస్టారు గుంజీలు తీయమన్నాడు. ఆయన తీశారు. తను చేరవలసిన క్లబ్బు బందరు కాలువకు అవతలి గట్టున ఉందని ఆ తర్వాత తెలిసింది.

వన్‌టౌనులో టోకు బట్టల కొట్లో గుమాస్తా ఆయన. పరుగు అంతంతమాత్రమే గానీ, పటమటలో ఏ సందులో కుక్కలు తరుముతాయో, ఏ మలుపులో మ్యాన్‌హోలుకు మూత ఉండదో ఆయనకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. అందుకని ఆదివారం పరుగుకి దారి ఆయనే చెప్పేవారు. దారి చెప్పినవారే ముందుండాలని క్లబ్బులో రివాజు. అందరూ కాళ్లు బిగబట్టుకుని ఆయన వెనకాలే పరిగెత్తేవారు. "కాశీరావు గారూ, ఈ వారం ఎటండీ?" అని ఎవరైనా అడిగితే, ఆ వారమంతా కూరలో ఉప్పు లేకపోయినా ఆయనకు తెలిసేది కాదు.

అలాంటి చోటికి హేమసుందర్ వచ్చాడు. మైలవరం నుంచి వచ్చి వీధి చివర పళ్ల ఆసుపత్రి పెట్టిన కుర్ర డాక్టరు. రివాజు తెలియక మొదటి ఆదివారమే కాశీరావు గారిని దాటేశాడు. జనం అతని వెంటపడ్డారు. నెల తిరక్కుండానే "డాక్టరు గారూ, ఈ వారం ఎటండీ?" అనడం మొదలైంది.

కాశీరావు గారికి గొంతులో చేపముల్లు దిగినట్టయింది. అతను దాటబోతున్నాడనిపిస్తే లేసు కట్టుకునే నెపంతో కూలబడేవారు. క్లబ్బు వాట్సాప్ గ్రూపులో అతని ఫొటోకి ఎంతమంది చప్పట్ల బొమ్మ పెట్టారో చూసుకుని గానీ పడుకునేవారు కాదు. అతనికి జలుబు చేసిందని తెలిసి ఫ్లాస్కు నిండా అల్లం కాఫీ పట్టుకెళ్లి, "పది రోజులు కదలకండి డాక్టరు గారూ, ఊపిరితిత్తులతో ఆటలొద్దు" అని ప్రేమగా చెప్పారు. అతను మర్నాడే పరుగుకొచ్చాడు.

భార్య గంగారత్నం ఊరుకుంటుందా! "ఆయన్ని చూడండి, పొట్టనేదే లేదు. మీదైతే మీకన్నా ముందు గుమ్మంలోకొస్తుంది."

"అతను కుర్రాడే!"

"కుర్రతనంలోనూ మీరింతే లెండి."

ఇంతలో క్లబ్బుకి టీషర్టులు కుట్టించాలనుకున్నారు. హేమసుందర్ నీలం అన్నాడు కాబట్టి కాశీరావు గారు ఎరుపు అన్నారు. బట్టల కొట్టు మనిషి మాట అందరూ విన్నారు. ఆ ఊపులో డాక్టరు ఎరగని దారొకటి ప్రకటించారు: ఇంద్రకీలాద్రి చుట్టూ, కుమ్మరిపాలెం, చిట్టినగర్ మీదుగా. అది భవానీ దీక్షలు విరమించే వారమని బెజవాడలో పుట్టి పెరిగిన మనిషికి ఆ ఉక్రోషంలో గుర్తే లేదు. గుర్తున్నవాళ్లు, ఆయనకు తెలియదా అనుకున్నారు.

ఆదివారం తెల్లవారకముందే ఆటోలు దిగి, ఎర్ర టీషర్టులతో సందు మలుపు తిరిగారు. రోడ్డు నిండా ఎర్రబట్టల భవానీలు, నెత్తిన ఇరుముడులతో కొండకు ప్రదక్షిణ చేస్తున్నారు. వాలంటీర్లు వీళ్లనీ భవానీలే అనుకుని, తాడెత్తి లోపలికి తోశారు.

"పరిగెత్తకూడదు భవానీ, లైన్లో నడవండి! ఇరుముడి ఏదీ?"

ఇక వెనక్కి తిరిగే వీల్లేదు. పక్కనుంచి దూరబోయిన హేమసుందర్‌ని ఒక పెద్దావిడ చొక్కా పట్టుకు లాగింది. "అమ్మ దగ్గరికెళ్తా ఆ తోసుకోటం ఏంటయ్యా?"

కాశీరావు గారు బిక్కచచ్చిపోయి వెనక్కి చూశారు. తన వెనక క్లబ్బంతా ఉంది. అందరికన్నా ఆఖర్న డాక్టరు. ఆయన నడుం నిటారుగా లేచింది.

చివరికి మజ్జిగ పందిరి దగ్గర హేమసుందర్ రుసరుసలాడుతూ వచ్చాడు. "ఏంటండీ కాశీరావు గారూ! పరుగని చెప్పి కొండ చుట్టూ నడిపించారు. నా వాచీ అయితే నేనింకా నిద్ర లేవలేదనుకుంటోంది!"

కాశీరావు గారు అతని చేతికి మజ్జిగ గ్లాసు అందించారు.

"అయినా ఇవాళ నా వెనకాలే వచ్చారు కదండీ!"