గాజు తొట్టిలో కుళ్లిన రొయ్య

చిన్నప్పటి ఆదివారం అంటే మీ అందరికీ వేట మాంసం కూర గుర్తొస్తుందేమో... నాకు మాత్రం కుళ్లిన రొయ్య కంపు గుర్తొస్తుంది.

ఫిల్మ్‌నగర్‌లో గుట్ట పక్కన ఒక్క గది అద్దె ఇల్లు మాది. నాన్న సినిమాల్లో ప్రాపర్టీ డిపార్ట్‌మెంట్‌లో చేసేవాడు. అంటే సెట్‌లోకి కుర్చీ దగ్గర్నుంచి పూలకుండీ దాకా ఏది కావాలన్నా తెచ్చి పెట్టే పని. ఆయన పనిచేసే నిర్మాత గారిది జూబ్లీహిల్స్‌లో పెద్ద బంగ్లా. వాళ్ల సొంతూరూ మా సొంతూరూ ఒకే వైపు... కొల్లేరు నీళ్లు సముద్రంలోకి పోయే ఉప్పుటేరు పక్క.

ఒకరోజు నిర్మాత గారికి ముచ్చట పుట్టింది. హాల్లో గాజు తొట్టి పెట్టాలి, అందులో మన ఏటి చేపలే ఈదాలి అని. "ఏరు నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు సత్యం, ఇది బాగా చేశావంటే వచ్చే సినిమాకి ప్రాపర్టీ ఇన్‌చార్జివి నువ్వే" అన్నారట. నాన్న ఆ రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు, అంత సంబరం.

ఏటి నీళ్లు మంచినీళ్లు కావు, సముద్రపు నీళ్లూ కావు... రెండింటికీ మధ్యరకం. నాన్న తొట్టిలో ఇసుక పరిచాడు, ఎండిన చెట్టు వేళ్లు నిలబెట్టాడు, నీళ్లు నింపి కల్లుప్పు కలిపాడు. ఆ తర్వాత ఒక పచ్చి రొయ్యను అందులో పడేసి వదిలేశాడు. అది కుళ్లితేనే చేపల మురికిని తినే మంచి క్రిములు పుడతాయని, అప్పటిదాకా చేపల్ని వదలకూడదని ఎవరో షాపతను చెప్పాడట.

నాలుగు వారాలు... రొయ్య ముందు తెల్లబడింది. తర్వాత దాని చుట్టూ దూదిలాంటి బూజు పట్టింది. తర్వాత తల ఊడిపోయి, మిగతాది చీమిడిలా సాగింది. ఆ ఇంట్లో పనిచేసే యాదమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునే హాలు ఊడ్చేది. "గిదేం చేపల తొట్టన్నా, పీనుగు వాసనొస్తుంది" అనేది.

ఇక అసలు సంగతి చెబుతాను, తినేవాళ్లు పక్కన పెట్టి చదవండి. ఉప్పు కొలిచే మీటర్లు నాన్నకి తెలియవు. ఏట్లో పెరిగిన మనిషి, నాలుకే కొలత. కానీ ఖైనీ నమిలి నమిలి ఆయన నాలుక మొద్దుబారిపోయింది. అందుకని ప్రతి ఆదివారం నన్ను వెంటబెట్టుకెళ్లేవాడు... ఆ నీళ్లలో వేలు ముంచి నా నాలుక మీద పెట్టేవాడు.

"చెప్పవే చిట్టీ... చారులో ఉప్పంత ఉందా, తక్కువుందా?"

ఛీ... చెప్పేసి పెరట్లోకి పరిగెత్తి ఉమ్మేదాన్ని. ఇంటికొచ్చి నాలుకను నెత్తురొచ్చేలా బ్రష్‌తో తోమేదాన్ని.

నాలుగో వారానికి కంపు పోయింది, నీళ్లు తేటపడ్డాయి. ఊరి నుంచి డ్రముల్లో చేపలొచ్చాయి. వెడల్పుగా, ఒంటి నిండా నల్లచుక్కలతో పది. నిజం చెప్పాలంటే చాలా బాగున్నాయి. నాన్న అమ్మగారికి ఒక్కటే జాగ్రత్త చెప్పాడు. "నీళ్లు తగ్గితే మామూలు నీళ్లే పోయించండమ్మా. నీళ్లు ఆవిరైపోతాయి కానీ ఉప్పు ఎక్కడికీ పోదు." అమ్మగారంటే నిర్మాత గారి భార్య. అలాగేలే అంది. వచ్చిన ప్రతివాళ్లూ ఆ చేపల్ని పొగిడారు.

చేపలొచ్చాక షూటింగుల వల్ల రెండు ఆదివారాలు కుదరలేదు. మూడో ఆదివారం మేం వెళ్లేసరికి పదీ వెల్లకిలా తేలుతున్నాయి... కళ్లు పాలిపోయి, పొట్టలు ఉబ్బి, రెండింటివి పగిలి పేగులు వేలాడుతూ.

నాన్న వేలు ముంచి నా నాలుక మీద పెట్టాడు. కక్కొచ్చినంత ఉప్పు... దాని వెనకే నాలుక భగ్గుమంది.

"నాన్నా, కారంగా ఉంది" అన్నాను.

నాన్న మోచేతి దాకా చెయ్యి పెట్టి ఇసుక కెలికాడు. గుప్పెడు ఎండుమిరపకాయలు వచ్చాయి, నాని, ఉబ్బి, జిగురు కారుతూ. యాదమ్మ మా వెనకే నిలబడి ఉంది.

"చేపలు మంచిగున్నయని ఎవరన్నా అంటే, ఆళ్లు పోంగనే అమ్మ దిష్టి తీస్తది గదన్నా. తీసినంక ఉప్పు, మిరపకాయలు అండ్లనే ఏస్తది. దిష్టి ఉప్పు నీళ్లల్ల కరగాలె గదా" అంది.

అమ్మగారు అక్కడే ఉంది. మొహం ఎర్రబడింది. నిర్మాత గారు భార్య వైపు చూశారు. తర్వాత నాన్న వైపు చూసి... అలాగే చూస్తూ ఉన్నారు.

"లేదండీ, పొరపాటు నాదే. ఉప్పు నేనే ఎక్కువ కలిపినట్టున్నాను" అన్నాడు నాన్న.

నాకు ఆ రొయ్యను చూసినా అంత రోత పుట్టలేదు. చేతిలో మిరపకాయలు పెట్టుకుని ఆ మాట అన్నాడు.

"తొట్టి చూసుకోలేనివాడివి, సెట్ ఏం చూసుకుంటావయ్యా" అన్నారు నిర్మాత గారు. ఇన్‌చార్జి పని వేరేవాళ్లకి వెళ్లిపోయింది. అమ్మగారు లోపలికి వెళ్లిపోయింది. నాన్న ఆ చేపల్ని ఒక్కొక్కటే చేత్తో తీశాడు, నేను బకెట్ పట్టుకున్నాను.

ఇప్పుడు ఆ బంగ్లా ఉన్న రోడ్డు మీదే కాఫీ షాపుల్లో కూడా మెరిసిపోయే గాజు తొట్లు. ఉప్పెంతో మీటరు చెబుతుంది, ఎవరూ నాలుక చాపక్కర్లేదు. మొన్న ఒకచోట అలాంటి చుక్కల చేపలే కనిపిస్తే కాఫీ తాగకుండా లేచి వచ్చేశాను.

ఆ రోజు గుట్ట దిగుతుంటే నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు. నేను విదిలించుకున్నాను. "కంపు కొడుతోందా? ఇంటికెళ్లగానే కడుక్కుంటాలే" అన్నాడు. కంపు వల్ల కాదని నేను చెప్పలేదు... ఇప్పుడు చెబుదామంటే ఆయన లేడు. మీలో ఎవరైనా మీ నాన్న చెయ్యి అలా విదిలించుకుని ఉంటే, ఆయన ఇంకా ఉంటే... ఇక్కడ రాయకపోయినా ఫర్వాలేదు, ముందు ఆయనతో చెప్పండి.