ఐదు గీతల మీద పడవ పాట

పి.గన్నవరం అక్విడెక్టు దగ్గర మా ట్రక్కులు ఆగేసరికి మధ్యాహ్నం రెండున్నర. వాన ఆగింది, గోదావరి ఆగలేదు. నీళ్లు ఇటుకపొడి రంగు. ముప్ఫై ఇద్దరం. నాలుగు రబ్బరు బోట్లు, నాలుగు మోటార్లు, రెండు వైర్‌లెస్ సెట్లు, ఆరు స్ట్రెచర్లు. స్ట్రెచర్లు మా బ్యాండువాళ్లవి. మిలటరీలో బ్యాండు వాయించేవాడి రెండో ఉద్యోగం స్ట్రెచర్ మొయ్యడం. ఈ సంగతి మనవైపు ఎవరికీ తెలియదు. సైన్యంలో చేరి పెళ్లి బ్యాండు వాయిస్తున్నావా అని నవ్వేవాళ్లు. నవ్వుకోండి, నాకేం పోయింది.

నాది కొత్తపేట. మా నాన్న కొబ్బరిచెట్లెక్కి దింపు తీసేవాడు. సంగీతం మా ఇంటా వంటా లేదు. క్లారినెట్ పట్టుకున్నది సైన్యంలో చేరాకే. కాగితం చూసి వాయించడం త్వరగానే వచ్చింది. విని కాగితం మీద పెట్టడం మాత్రం రాలేదు. ఆ పరీక్ష రెండుసార్లు తప్పాను. ఇంకోసారి తప్పితే బ్యాండులోంచి తీసేస్తారు. నాకు నేర్పిన బ్యాండు హవల్దారుది కేరళ. బయల్దేరే ముందు, ఇంగ్లీషు పద్ధతిలో స్వరాలు రాసుకునే ఐదేసి గీతల నోటుపుస్తకం నా సంచిలో పెట్టి, హిందీలో చెప్పాడు.

"మీ ఊరివైపే వెళ్తున్నావు. అక్కడి పాట ఒకటి విని రాసుకురా. ముందు తాళం దెబ్బ లెక్కపెట్టు. తర్వాత గడులు గీసుకో. స్వరం ఆఖర్న."

గడికి నాలుగు దెబ్బలు. ఏ గడీ వెలితిగా ఉండకూడదు, పొంగిపోకూడదు. ఆయన పాఠమంతా అదే.

తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి నన్ను రెండో బోటులో వేశారు. మొదటిరోజే నా ఫోను నీళ్లలో పడింది. రెండోరోజు సాయంత్రం నాలుగు యాభైకి ఒక లంకలో ఆఖరి ఇంటికి చేరాం. అరుగు మీద మోకాలిలోతు నీళ్లు. ఆ నీళ్లలో ఇద్దరు అన్నదమ్ములు నిలబడి ఉన్నారు. పెద్దాయన గంగరాజుగారు, సన్నాయి వాయిస్తారు. చిన్నాయన అప్పన్నగారు, డోలు. బోటులో అప్పటికే తొమ్మిదిమంది ఉన్నారు. సెట్టు మోగింది.

"బోటు రెండు, ఎంతమంది?"

"తొమ్మిది. ఒక్కరికే చోటుంది. ఇక్కడ ఇద్దరున్నారు."

"పది దాటకూడదు. చీకటి పడకముందే, ఐదున్నరకి ఒడ్డున ఉండాలి. ఓవర్."

అప్పన్నగారికి హిందీ రాకపోయినా విషయం అర్థమైంది.

"మా అన్నయ్యని తీసుకెళ్లండి బాబూ. ఆయాసం మనిషి. నేను రేపొద్దున్న వస్తానండి. ఈలోగా డోలు అటకెక్కిస్తాను. తోలు తడిస్తే పనికిరాదండి."

"ఆరింటికల్లా వచ్చేస్తాం తాతగారూ," అన్నాను.

పదకొండో మనిషిని ఎక్కించవచ్చా అని మీరు అడుగుతారు. ఎక్కించవచ్చు. బోటు మునిగేది కాదు. పది అని ఆర్డరు వేశారు, నేను పది పాటించాను.

మర్నాడు ఉదయం ఆరూ పదికి వెళ్లాం. కొబ్బరిచెట్లు మూడు ఉన్నాయి. ఇల్లు లేదు.

"బోటు రెండు, మనిషి దొరికాడా?"

"లేదు."

"వెతకండి."

రెండురోజులు వెతికాం. దొరకలేదు. మామిడికుదురు దగ్గర బడిలో పెట్టిన శిబిరానికి వెళ్లి, పెద్దాయనకి ఆ మాట నేనే చెప్పాను. ఆయన "ఆయ్" అన్నారు.  నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

ఐదోరోజు బడి వరండాలో ఆయన గొంతులో ఏదో పాడుకుంటున్నారు. సన్నాయి కూడా ఏట్లోనే పోయింది. పక్కన కూర్చున్నాను.

"ఏం పాటండి తాతగారూ?"

"పడవ పాటండి. పెళ్లికూతుర్ని పడవెక్కించింది మొదలు అవతలి ఒడ్డు తగిలేదాకా వాయిస్తామండి. మా నాన్నగారు మా ఇద్దరికే నేర్పేరు. ఇప్పుడు వంతెనలొచ్చేసేయి కదండీ. కార్లో ఎక్కి చక్కా పోతున్నారు. ఎవరికీ అక్కర్లేదు, మేమూ ఎవరికీ నేర్పలేదు."

నోటుపుస్తకం తీసి చూపించాను. ఇందులో రాస్తే ఎక్కడివాడైనా చూసి వాయించవచ్చు అన్నాను. ఆ గీతల మీద వేలు పెట్టి చాలాసేపు చూశారు.

"అయితే రాసిపెట్టండి బాబూ. నేనూ పోతే, మా తమ్ముడు వాయించేడన్న గుర్తే ఉండదండి."

అప్పటిదాకా నాకది పరీక్ష. ఆ క్షణం నుంచి అప్పు కంటే బరువైపోయింది. ఆ మనిషిని తేలేకపోయాను, పాటనైనా తేవాలనుకున్నాను.

ఆరు రోజులు రాశాను. రోజూ మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు దాకా. ఆయన పాడటం, నేను తల వంచి రాయడం. ముందు దెబ్బ, తర్వాత గడి, ఆఖర్న స్వరం. చిక్కల్లా ఆయన మధ్యలో ఆగిపోవడంతోనే. ఒక వరస పాడి ఆగేవారు. ఒకసారి కొంచెంసేపు, ఒకసారి చాలాసేపు. పాపం ఆయాసం కదా, ఊపిరి తీసుకుంటున్నారనుకున్నాను. ఆ ఖాళీలు తీసేసి, వరసకి వరస అతికించాను. గడులన్నీ సరిగ్గా నిండాయి. నాలుగు పేజీలు వచ్చింది. నా జన్మలో అంత శుభ్రంగా ఏదీ రాయలేదు.

చూసి పాడి వినిపించాను. "స్వరాలు అవేనండి," అన్నారు.

"మరి?"

"ఏమోనండి. మా పాటలా లేదు."

నా గొంతు అలాంటిది, క్లారినెట్ మీద వింటే ఒప్పుకుంటారులే అనుకున్నాను. మర్నాడు రెండింటికి మా ట్రక్కులు తిరుగు ప్రయాణం కట్టాయి.

యూనిట్లో హవల్దారు కాగితం చూసి నా వీపు తట్టాడు. పరీక్ష పాసయ్యాను. డ్రమ్ము కలిపి బ్యాండంతా ఆ పాట వాయించారు. అడుగులు వేస్తూ నడవడానికి భలే కుదిరింది. చెప్పడానికి సిగ్గేస్తోంది గానీ, ఆ రాత్రి నా ఖర్చుతో అందరికీ మందు పోయించాను.

సర్వీసు అయిపోయింది. ఇప్పుడు అమలాపురంలో నలుగురికి క్లారినెట్ నేర్పుకుంటున్నాను. ఆ కాగితం నా దగ్గరే ఉంది. దాన్ని ఎవరికీ ఇవ్వను, నేనూ వాయించను. గంగరాజుగారు వరద మరుసటి వేసవిలోనే పోయారు. ఆయన్ని ఆఖరిసారి చూసిన రోజు సంగతి చెప్పి ఆపేస్తాను.

వరద పోయిన నాలుగు నెలలకి సెలవు మీద వచ్చాను. ఏటిగట్టు కింద రేకుల షెడ్డులో ఉంటున్నారాయన. ఉదయం పదింటికి క్లారినెట్ పట్టుకెళ్లాను. చాప పరిచి కూర్చోబెట్టారు. మొదలుపెట్టగానే ఆయన ముఖం విప్పారింది. మొదటి వరస చివర ఆయన ఎడమవైపు తిరిగారు. అక్కడ ఎవరూ లేరు, ఉత్త చాప. అటు చూస్తూ తల ఊపుతున్నారు, మోకాలి మీద వేళ్లు ఆడిస్తున్నారు. నాకు కనిపిస్తూనే ఉంది. కానీ కాగితంలో ఖాళీ లేదు. నా వేళ్లు గడి తర్వాత గడి వెళ్లిపోయాయి. నాలుగు పేజీలూ అయ్యాక అటే చూస్తూ అన్నారు.

"అప్పుడే ముందుకెళ్లిపోయేరేంటండి? మా తమ్ముడు ఇంకా వాయిస్తున్నాడు కదండీ."

 బడి వరండాలో రాస్తున్నప్పుడు ఒక్కసారి తలెత్తి చూసుంటే తెలిసేది. ఆ ఖాళీలు ఊపిరి కోసం కాదు, డోలు కోసం. ఎన్ని దెబ్బలు వాయించేవారండి అక్కడ, అని అడిగాను. పెన్సిలు కూడా తీశాను, సిగ్గులేకుండా.

"అది వాడికే తెలుసండి. పడవ నడకని బట్టి వాయించేవాడు. అయ్యేక నాకేసి చూసేవాడు. అప్పుడు నేనందుకునేవాణ్ణి."

క్లారినెట్ విప్పి పెట్టెలో పెట్టాను. బస్సు టైమైందని అబద్ధం చెప్పి లేచాను. "ఆయ్, మంచిదండి," అన్నారు గానీ నావైపు తిరగలేదు. గుమ్మం దాటి వెనక్కి చూశాను. ఆయన ఇంకా ఎడమవైపు ఆ ఉత్త చాపకేసే చూస్తున్నారు, పాట అందుకోవడానికి పెదాలు కొంచెం తెరిచి ఉంచి.